తువ్వాలు

వూచ్ అంటే మా భాషలో పడవ.
నదుల్ని మిల్లుల కింద పాతిపెట్టిన ఊరికి
ఆ పేరు ఎవరు పెట్టారో గానీ,
మూతబడ్డ నూలు మిల్లు నేలమాళిగలో
ఇప్పుడు ఇటు నాలుగు తాళ్ల బరి,
అటు ఇనప వల బోను.
మధ్యలో నా బల్ల, వాజలీన్ డబ్బా,
మంచులో నానే ఇనప బిళ్ల.

నేను గాయాలు మూసేవాణ్ణి.
నా ఉద్యోగం ఒక్క నిమిషం.
గంట మోగిందా, నేను లేను.

"లుద్విక్ తాతా, బాక్సింగ్ కష్టమా, బోను కష్టమా?"
కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అడుగుతాడు,
లేసు కట్టుకోవడమైనా పూర్తి కాకముందే.

నాకు తెలిసింది గాయాల లెక్క.
బాక్సర్ కనుబొమ చిట్లితే
మళ్లీ మళ్లీ అక్కడే చిట్లుతుంది.
ప్రతి దెబ్బకీ ఆ దారి తెలుసు,
గడియ లేని ఇంటికి దొంగ వచ్చినట్టు.
బోనులో మోచేయి గీస్తుంది,
జుట్టులోకి పొడుగ్గా.
చెవులు నలిగి నలిగి కుడుముల్లా ఉబ్బుతాయి.
పిక్క మీద తిన్న తన్ను
మర్నాడు మెట్లెక్కేటప్పుడు గానీ మాట్లాడదు.

తూకం ముందు రోజు మాత్రం అందరూ ఒకటే.
గ్లాసులోకి ఉమ్మి ఉమ్మి బరువు దించుకుంటూ
పక్కవాడి నీళ్ల సీసా వైపు
దొంగచూపులు చూస్తారు.

సెవెరిన్‌కి పని రెండు చేతులకే.
రెండే కదా అనుకోకు.
మూడేసి నిమిషాలు, పన్నెండు విడతలు.
కాళ్లు నేల మీదే ఉండాలి, నేలకి అంటకూడదు.
ఒక్క ఎడమ చేతి పోటుని
పదకొండేళ్లు సాన పట్టాడు.
ఎనిమిదో రౌండుకి భుజాలు
తడిసిన బొంత మోస్తున్నట్టు కుంగేవి,
పిడికిలి గడ్డం దగ్గర్నుంచి దిగేది కాదు.

యాగ్నాకి ఒళ్లంతా పనే.
తన్నడానికో ఊపిరి, ఎత్తి పడెయ్యడానికో ఊపిరి,
గుండెల మీద అరవై కిలోల మనిషి కూర్చున్నాక
ఎక్కడో అడుగున దాచుకున్న ఇంకో ఊపిరి.
మొదటి అయిదు నిమిషాలకే
పెదాలు సున్నం కొట్టినట్టుంటాయి.

అప్పట్లో ఒకసారి బరిలో సెవెరిన్ ముందు నిలబడింది.
రెండు నిమిషాలు గాలిని గుద్దింది.
"నీ తల ఎక్కడ పెట్టుకుంటావయ్యా?" అని
నవ్వలేక నవ్వింది.
ఏం తేలింది? ఏమీ తేలలేదు.

అసలు తేడా వేరే ఉంది.
యాగ్నా అరచేతికి ఒక మాట తెలుసు.
మెడ బిగిసినప్పుడు మూడుసార్లు తడుతుంది.
పట్టు వదులవుతుంది,
ఇద్దరూ లేచి నీళ్లు తాగుతారు.
ఓడడం కూడా సాధన చెయ్యాలట,
వారానికి వందసార్లు ఓడుతుంది.
బాక్సర్‌కి ఆ మాట నేర్పం.
పది లెక్కపెట్టే లోపు లేస్తే
మళ్లీ తిను అంటుంది బరి.
లేవడమే నేర్పాం. నేనే నేర్పాను.
"చాలు" అనే మాట నా భుజం మీద ఉంటుంది,
తెల్ల తువ్వాలుగా మడిచి.

కతోవిత్సెలో ఆ రాత్రి, తొమ్మిదో రౌండులో
నా చెయ్యి దాని మీదికి వెళ్లింది.
ఇంకొక్క నిమిషం చూద్దాం అనుకుంది.
ఇప్పుడు చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి
సెవెరిన్‌కి అద్దం ముందు
ఒక రౌండు పడుతుంది.

నిన్న చాప మీదికొచ్చాడు,
ఊరికే, ఒళ్లు కదులుతుందని.
యాగ్నా వెనక నుంచి మెడకి చెయ్యి వేసింది,
మెల్లగానే.
అతని మొహం కందింది, చెవులు కందాయి.
చెయ్యి అలాగే ఉంది,
పిడికిలిగా, గడ్డం దగ్గర.
ఎవరో చాప మీద టపటపా మూడుసార్లు కొట్టారు.
చూస్తే అది నా చెయ్యి.

"నువ్వు కాదు తాతా," కసిరింది యాగ్నా.
"అతను కొట్టాలి."
నీళ్లు తాగించి, వీపు నిమిరి,
"మళ్లీ," అంది.

సెవెరిన్ పిడికిలి విప్పుకుంటున్నాడు,
ఒక్కొక్క వేలూ,
బొత్తాం దొరక్కపోతే వెతుక్కున్నట్టు.